పెరటిలో గడ్డివెన్నులు



గడ్డి పీకుట తోటపని యని మనమందరము ఎఱుగుదుము. గడ్డిని విత్తుట యనగానే నవ్వు వచ్చును. కాని ఈ బార్డోలీలో ఏ దిక్కు చూచినను కనబడునది చెఱకు. చెఱకు గడ్డిజాతియే గదా! 1928 నాటి సత్యాగ్రహముచే చరిత్రకెక్కిన తాలూకా నేడు గడ్డి వలన బ్రతుకుచున్న దనినచో అతిశయోక్తి కొంచెమే.

చెఱకును ముచ్చెలతో నాటుదురు. అట్లు నాటినది తల్లి వలెనే యుండును. క్రొత్త రకము కావలెనన్నచో విత్తనమే శరణ్యము. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెఱకు పరిశోధనా కేంద్రమున చెఱకును మన ఏటిగట్ల రెల్లుతో సంకరపఱచి, విత్తు మొలకలలో మేలైనదానిని ఏరి, 1918లో కో 205 అను రకమును వెలువరించిరి. శరత్తులో వెండివలె మెఱయు రెల్లుపూవు పంచదారకు చుట్టమన్నమాట.

అయినను రెల్లును పెరట వేయవలదని నా మనవి. దాని పూత విత్తనముల మూట. గాలికెగిరి పొరుగు రైతు చేనిలో పడును. వేరు నల్లరేగడిలో లోతుగా పాఱును. దేశమధ్య భాగమున రెల్లు ఆక్రమించిన భూములను ట్రాక్టర్లతో బాగుచేయుటకై 1949లో ప్రపంచ బ్యాంకు నుండి కోటి డాలర్ల ఋణము తేవలసివచ్చెను. సచివాలయపు దస్త్రములలో గడ్డికి అంతటి గౌరవము మఱెన్నడును దక్కలేదేమో!

మన పెరళ్లకు తగినవి కొఱ్ఱ, సజ్జ. కొఱ్ఱవెన్ను నక్కతోకవలె వంగును. సజ్జకంకి నిటారుగా నిలుచును. అంగడిలోని కొఱ్ఱబియ్యమును నమ్మరాదు. పొట్టుతో నున్న గింజయే కావలెను. ఇచ్చటి రేగడి తడిసిన బంకయగును, ఎండిన బీటలు వాఱును. కనుక తొలకరికి తొట్టెలో, సగము ఇసుకయు మాగిన పేడయెరువును కలిపిన మన్నులో విత్తుడు. గింజపై అర అంగుళమునకు మించి మన్ను కప్పరాదు. మొలక అచ్చముగా కలుపు వలెనే యుండును. నేలలో చల్లినచో తోటమాలి ముందుగా దానినే పీకివేయును. తొట్టెలో వరుసగా విత్తినచో ఆనవాలు దొరకును. నాలుగాకులు వేసిన పిదప జానకొకటిగా నాటవలెను. రమారమి రెండు నెలలకు వెన్ను తొంగిచూచును. కొన్నిటిని కోసి కూజాలో నుంచుడు, తక్కినవి పిచ్చుకలకు.

వట్టివేరు, నిమ్మగడ్డి మాత్రము పిలకలతోనే వేయవలెను. వాని విత్తుకై వెదకుట వృథా.

రెండు కొఱ్ఱవెన్నులు ఈ బల్లపై నుంచితిని. తలకు పది గింజలు చాలును, సభానంతరమున తీసికొనిపొండు.