మేస్త్రి మాట

మిత్రులారా, 50 దాటాక పీహెచ్‌డీ ఎందుకని చాలామంది అడిగారు. నిర్మాణ పనుల్లో ఇంజినీరు, కాంట్రాక్టరు, మేస్త్రి కలిసి పనిచేసే తీరే నా పరిశోధనాంశం.

పిల్లరూ బీమూ కలిసేచోట కడ్డీలు మరీ దగ్గరైతే కాంక్రీటు లోపలికి సరిగా దిగదు, గుల్ల మిగులుతుంది. అది ముందుగా కనిపించేది కడ్డీలు కట్టే మేస్త్రికే. పోయకముందు అతని మాట వింటే ఒక పూటలో సరిచేయవచ్చు, పోశాక పగలగొట్టాల్సిందే.

మన పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలంనాటిది, దాదాపు 800 ఏళ్లది. ఏ చెరువు కట్టకైనా బుంగ పడితే మొదట చూసేది నీరటి. ఊరు అతని మాట వింటేనే కట్ట నిలుస్తుంది.

అడగడం ఈ బడిలో గురువులు నేర్పారు. ఇక వినడం, పెద్ద కుర్చీల్లో కూర్చున్న మనమే నేర్చుకోవాలి.