వకీలు నుంచి ముఖ్యమంత్రి దాకా: బూర్గుల
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



బూర్గుల రామకృష్ణారావు గారు హైదరాబాదులో పేరున్న వకీలు. ఫార్సీ, ఉర్దూ బాగా తెలిసిన పండితులు. 1950లో రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆ ఏడే కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారును దొర ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టరాదని అది చెప్పింది. 1952లో ముఖ్యమంత్రి అయ్యారు. మన ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది ఆయన హయాంలోనే.

అయినా బేదఖళ్లు ఆగలేదు. చట్టం ఉంటే చాలదు. దాన్ని చదివి చెప్పేవారు, పేదవాడి పక్షాన కచేరీలో నిలబడేవారు ఊరూరా ఉండాలి. భద్రాచలం అడవి అంచున పోడు పట్టాల కోసం తిరిగేవారికి నేడు కావలసిందీ అదే.

మన సొసైటీ స్కాలర్‌షిప్పుల్లో లా చదివే పిల్లలకూ చోటివ్వాలని మనవి. వాళ్లు మంత్రులు కాకపోయినా ఫరవాలేదు, పేదలకు అక్కరకొచ్చే వకీళ్లైతే చాలు.