చూసిన అడుగు, వేసిన అడుగు



మాది హాస్టల్ ఉద్యోగం. రోజూ సాయంత్రం చదువు గంట అయ్యాక పిల్లలతో కూర్చుంటాం. ధింసా మాట వస్తే చాలామంది అనేది ఒకటే: "మాకు వచ్చు మేడమ్, ఫోన్లో బోలెడు సార్లు చూశాం." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు నిజంగానే వచ్చనిపిస్తుంది. ఎందుకలా అనిపిస్తుందో, లేచి నిలబడితే కాళ్లు ఎందుకు తడబడతాయో ఈరోజు మాట్లాడుకుందాం.

మూన్‌వాక్ మీకు తెలుసు కదా. ముందుకు నడుస్తున్నట్టే ఉంటుంది, మనిషి మాత్రం వెనక్కి జారుతుంటాడు. అమెరికాలో కర్దాస్, ఓబ్రియన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని వీడియోను కొందరికి ఒక్కసారి, మరికొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్లు తాము బాగా చేయగలమని ధీమాగా చెప్పారు. తీరా చేయిస్తే, ఒక్కసారి చూసినవాళ్ల కంటే ఏమీ మెరుగ్గా చేయలేదు. పెరిగింది ధీమా ఒక్కటే. ఇంకో ప్రయోగంలో గాల్లోకి ఎగరేసి పట్టుకునే కర్రల ఆట వీడియో చూపించి, ఆ తర్వాత కర్రలను కాసేపు చేతికిచ్చారు. ఎగరేయమనలేదు, పట్టుకోమన్నారంతే. వాటి బరువు చేతికి తెలియగానే ఆ ధీమా తగ్గింది. ఈ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి.

కారణం మీ సైన్సు పుస్తకంలోనే ఉంది. చిన్న మెదడు, అదే అనుమస్తిష్కం, గుర్తుందా? అడుగు వేయమని మెదడు కాలికి ఆజ్ఞ ఇచ్చేటప్పుడే, ఆ అడుగు ఎలా పడుతుందో ముందుగా ఒక అంచనా కూడా వేసుకుంటుంది. పాదం, మడమ, మోకాలు, కండరాలు అసలు జరిగింది ఏమిటో తిరిగి కబురు పంపుతాయి. అంచనాకూ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాను పట్టుకుని, వచ్చే అడుగును సరిచేయడంలో చిన్న మెదడుది పెద్ద పాత్ర. తప్పు పడితేనే ఆ తేడా తెలుస్తుంది. మంచం మీద పడుకుని వీడియో చూస్తుంటే కాలి నుంచి ఏ కబురు వస్తుంది? ఏమీ రాదు. సరిదిద్దుకోవడానికి తప్పే ఉండదు.

ధింసాలో ఇది ఇంకా ఎక్కువ. మన చేతులు పక్కవాళ్ల వెనకగా వెళ్లి ఒకరినొకరు పట్టుకుని ఉంటాయి. తుడుము మోత మారి వరస వంగే క్షణం కంటికంటే ముందు పక్కనున్న అక్క నడుముకు తెలుస్తుంది. ఆ నడుము మనల్ని లాగుతుంది. ఆ లాగుడు ఏ ఫోన్లోనూ రాదు. పైగా ఎదురుగా తీసిన వీడియోలో వాళ్ల కుడికాలు మనకు ఎడమవైపు కనిపిస్తుంది. పిల్లలు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు.

అలాగని చూడటం దండగ అనడం లేదు. 1990ల మొదట్లో ఇటలీలోని పార్మాలో కోతుల మెదడులో కొన్ని కణాలను గుర్తించారు. కోతి తినేది చేత్తో అందుకున్నా, ఎవరో అందుకుంటుంటే చూసినా అవి స్పందించాయి. ఇది చదివి, చూస్తే చాలు, చేసినట్టే అని తేల్చేసినవాళ్లు ఉన్నారు. అది తొందరపాటు. లండన్‌లో బ్యాలే నర్తకుల మీద చేసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. బ్యాలేలో ఆడవాళ్లు మాత్రమే వేసే అడుగులున్నాయి, మగవాళ్లు మాత్రమే వేసేవీ ఉన్నాయి. అందరూ కలిసే సాధన చేస్తారు కాబట్టి ఒకరి అడుగులు ఒకరు ఎప్పుడూ చూస్తూనే ఉంటారు. అయినా స్కానింగ్‌లో, కళ్లతో మాత్రమే ఎరిగిన అడుగుల కంటే తాము వేసే అడుగులను చూసినప్పుడే కదలికకు సంబంధించిన మెదడు భాగాలు ఎక్కువగా పనిచేశాయి. అంటే ఆడినవాళ్లకు చూపు కూడా మారుతుంది. మన అవ్వలు పక్కన కూర్చుని, ఫలానా పిల్ల అడుగు ఆలస్యమైందని ఇట్టే పట్టేస్తారే, అది ఇదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆదిలాబాద్ గోండుల గుస్సాడీకి దేశమంతా పేరు తెచ్చిన పద్మశ్రీ కనకరాజు గారు 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. ఆయన వీడియోలు చాలా ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ గుస్సాడీ మిగిలింది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల కాళ్లలో. మన వైపు ధింసా బాగా తెలిసిన అవ్వల వయసు ఎంతో మీరే లెక్కేసుకోండి. ఫోన్లలో తిరిగేదేమో ఎక్కువగా అరకులో పర్యాటకుల కోసం వేసే చిన్న ముక్క. దాన్ని మేము తక్కువ చేయం, అది కొన్ని ఇళ్లకు కూలి. అయితే ఆకులు కోసే పొతర్ తోల, పులి నుంచి తప్పించుకునే బాగ్ ధింసా, ఇటుకల పండుగ రాత్రుల ఆట పూర్తిగా అందులో దొరకవు.

వీడియో తీయండి. చూడండి, లేచి వేయండి, ఎక్కడ తప్పిందో మళ్లీ చూడండి. ఒక్కరోజే నాలుగు గంటలు వద్దు. రోజూ కొంచెం ఆడి, రాత్రి బాగా నిద్రపోండి. ఆడింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కూడా కావాలి.

భోజనాలయ్యాక తుడుములు, మోరి వస్తున్నాయి. ఇద్దరు కొత్తవాళ్లు పక్కపక్కన నిలబడొద్దు. ఇద్దరు అవ్వల మధ్య ఒకరు చొప్పున నిలబడాలి. ఫోన్లు మాకిచ్చేయండి, సంచి తెచ్చాం.