ఎత్తు బండి, మన వయస్సు

కాటారం, మహదేవపూర్ మీదుగా నేను మోటారు సైకిల్ మీదనే కాళేశ్వరం వచ్చాను. "అక్కడ ముక్తీశ్వరుడి పక్కనే యముడూ ఉన్నాడు, తొందరెందుకు?" అంది మా ఇంటావిడ!

2016లో వచ్చిన హిమాలయన్‌కు ముందు చక్రం 21 అంగుళాలు. చిన్న గుంతల్ని లెక్కచేయదు. హ్యాండిల్ ఎత్తు గనుక నడుము వంచనక్కరలేదు. సామాను కట్టుకొని శ్రీశైలమూ పోవచ్చు, కూరగాయల బజారుకూ పోవచ్చు. అయితే బరువు సుమారు 190 కిలోలు. సంగమం ఇసుకలో ఒరిగితే మన వయస్సులో ఒక్కరి వల్ల లేవదు. 2019 నాటి ఎక్స్‌పల్స్ 200 బరువు 154 కిలోలే గాని, సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు. మోకాళ్ళ నొప్పులున్నవారికి కాలు తిప్పి ఎక్కడమే పరీక్ష. కొనేముందు ఎక్కి కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి. నా మట్టుకు నేను బండిని గట్టు మీదనే నిలిపి, స్నానానికి నడిచే దిగుతాను.