తెరమీది కుర్చీలు – మన ఇళ్ళలోని కుర్చీలు

(అరకులోయలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలూ, మెడికల్ బిల్లులూ కాకుండా ఈసారి వేరే ఏదైనా చెప్పమని కార్యవర్గం వారు కోరారు. అందుచేత మనం ముప్ఫయ్యేళ్ళూ, ముప్ఫై అయిదేళ్ళూ ఎడబాయకుండా అంటిపెట్టుకున్న వస్తువును గురించే మాట్లాడదామనుకున్నాను. అదే కుర్చీ. అందులోనూ సినిమాల్లో, టీవీల్లో పేరు తెచ్చుకున్న కుర్చీలు. వినోదం కోసమే మొదలుపెడుతున్నాను గాని, చివరకు మన సంఘం చేయవలసిన పని ఒకటి విన్నవించుకుంటాను.

కుర్చీ అనే మాట మనది కాదు. అరబ్బీ ‘కుర్సీ’ నుంచి వచ్చింది. మనవి పీట, మంచం, బల్ల, అరుగు. అయినా వచ్చిన కుర్చీ ఎంతగా పాతుకుపోయిందంటే, పదవికే ఆ పేరు పెట్టుకున్నాం. ‘కుర్చీ దిగాడు’ అంటే రిటైరయ్యాడనో, ఓడిపోయాడనో అర్థం. 2024 సంక్రాంతికి వచ్చిన ‘గుంటూరు కారం’లో మడత కుర్చీ మీద ఏకంగా పాటే కట్టారు. మన మనవళ్ళు దానికి గంతులేస్తుంటే చూసే ఉంటారు.

మన సినిమాల్లో సామాను నటించడం ఎప్పుడో మొదలయింది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ గుర్తుకు తెచ్చుకోండి. గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం. అందులో కంబళికి తోడు గింబళి, తల్పానికి తోడు గిల్పం! మర్యాదగా పడుకుందామనుకున్న శర్మ, శాస్త్రుల పాట్లు చూసి ఇప్పటికీ నవ్వుకుంటాం. అదే చిత్రంలో ‘ప్రియదర్శిని’ అనే పెట్టె ఉంది. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడ్డాడు. మన దేశంలో టెలివిజన్ ప్రయోగాత్మకంగా మొదలయింది 1959లో, ఢిల్లీలో. అంటే దానికి రెండేళ్ళ ముందే మనవాళ్ళు తెరమీద టీవీ పెట్టెను చూపించారన్న మాట.

ఇక విదేశాల సంగతి. నేటి కుర్చీలకు తాత అనదగినది మైకేల్ థోనెట్ 1859లో తయారుచేయించిన 14వ నంబరు కుర్చీ. కర్రను ఆవిరిలో మెత్తబరచి, వంచి చేసినది. మొత్తం ఆరు ముక్కలు, పది మరలు, రెండు నట్లు. విడదీస్తే ముప్ఫై ఆరు కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. అందుకే ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. హైదరాబాదు, బొంబాయి ఇరానీ హోటళ్ళలో చాయ్ తాగిన వారందరూ ఆ వంపుకర్ర జాతి కుర్చీల్లో కూర్చున్నవారే. 1972లో వచ్చిన ‘క్యాబరే’ చిత్రంలో లైజా మినెల్లి నాట్యం చేసింది అటువంటి కుర్చీతోనే.

మనిషి చంద్రుడి మీదకు పోవడానికి ఆయత్తమవుతున్న 1960లలో కుర్చీల రూపమే మారిపోయింది. ఫిన్లండ్‌కు చెందిన ఈరో ఆర్నియో గుండ్రటి బంతిని ఒక పక్క కోసినట్లుండే కుర్చీ చేశాడు. 1967 నాటి ‘ది ప్రిజనర్’ అనే బ్రిటిష్ సీరియల్‌లో ఊరిని శాసించే అధికారి కూర్చునేది అందులోనే. చుట్టూ గోడలా ఉంటుంది. అధికారికి లోకం కనబడదు, లోకానికి అధికారి పూర్తిగా కనబడడు. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో అంతరిక్ష కేంద్రం హాలులో ఎర్రటి కుర్చీలు అలలు పరచినట్లుంటాయి. వాటిని ఫ్రాన్సు దేశస్థుడు ఒలివియే ముర్గ్ 1965లోనే రూపొందించాడు. అంటే భవిష్యత్తు కోసం కొత్తగా చేయించలేదు, అప్పటికే దుకాణంలో ఉన్నవాటినే తెచ్చి వేశారు. చూడటానికి బాగుంటాయి గాని నేలకు జానెడెత్తున ఉంటాయి. మన మోకాళ్ళతో అందులో కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి!

నాకు అన్నిటికన్నా నచ్చినది వేరే ఉంది. ‘ఫ్రేజర్’ అని అమెరికాలో 1993 నుంచి 2004 దాకా వచ్చిన హాస్య ధారావాహిక. కొడుకు పెద్ద డాక్టరు. ఇంటినిండా పేరున్న సామాను. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1956లో రూపొందించిన తోలు కుర్చీ ఒకటి. పారిస్‌లో కోకో షానెల్ వాడిన సోఫాకు నకలు మరొకటి. ఆ ఇంటికి రిటైరయిన పోలీసు తండ్రి వచ్చి చేరతాడు, తన పడక్కుర్చీతో సహా. చిరిగి, అతుకుల టేపు వేసిన కుర్చీ అది. కొడుక్కు కంటిలో నలుసు. 1994లో వచ్చిన ఒక భాగంలో కొడుకు దాన్ని తీసేయించి కొత్తది కొనిపెడతాడు. అప్పుడు తండ్రి చెబుతాడు: చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టినప్పుడు తాను ఆ కుర్చీలో కూర్చునే చూశాడట, నీకు కొడుకు పుట్టాడని నీవు ఫోను చేసిన రాత్రీ అందులోనే కూర్చున్నాడట. ఆ మాట విన్నాక కొడుకు ఆ పాత కుర్చీ కోసం ఊరంతా వెతుకుతాడు.

కొడుకు చెడ్డవాడు కాడు, అవమానించాలనుకోలేదు. వస్తువు విలువ దాని రూపంలో ఉందని అతననుకున్నాడు, దానితో గడిపిన కాలంలో ఉందని తండ్రికి తెలుసు. మనలో చాలామంది ఇళ్ళలో ఈ చర్చ నడిచే ఉంటుంది. కొత్త ఫ్లాటులోకి పాత నవారు మంచం తీసుకెళ్ళాలా వద్దా అన్న చోట.

ఈ ఈమ్స్ దంపతులు మనకు పరాయివారు కారు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఫలితమే 1961లో అహమ్మదాబాదులో వెలసిన జాతీయ డిజైన్ సంస్థ. ఆ నివేదికలో వారు అన్నిటికన్నా మెచ్చుకున్నది ఏమిటో తెలుసా? మన చెంబు. చేతిలో, నడుం మీద, తలమీద ఎలా ఇముడుతుందో, నీళ్ళు ఎలా ఒలుకుతాయో, అమ్మితే ఎంత వస్తుందో – ఇవన్నీ ఆలోచించి తరతరాలవారు కలిసి తీర్చిన రూపమన్నారు. దాని కింద ఏ ఒక్కరి సంతకమూ లేదు.

ఇప్పుడు మన కార్యాలయాలకు వద్దాం. చండీగఢ్ నగరం కట్టినప్పుడు లె కార్బూజియే బంధువు పియర్ జానరే 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉండి పనిచేశాడు. ప్రభుత్వ కార్యాలయాలకు, కళాశాలలకు టేకుకర్ర, పేముతో కుర్చీలు రూపొందించాడు. కాళ్ళు తిరగేసిన ‘వి’ అక్షరంలా ఉంటాయి. అక్కడి వడ్రంగులు వేల సంఖ్యలో చేశారు. కొన్ని దశాబ్దాలకు పేము తెగింది. ‘కండెమ్’ చేసి, మేడల మీద గుట్టలు పోసి, తుక్కు కింద వేలం వేశారు. కండెమ్ జాబితా అంటే మనకు కొత్తేమీ కాదు! విదేశీ వ్యాపారులు కొనుక్కుపోయి, బాగుచేసి, పారిస్, లండన్, న్యూయార్క్‌లలో లక్షల రూపాయలకు అమ్మారు. 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మకాన్ని నిషేధించింది.

ఏమీ సీగల్ అనే అమెరికన్ కళాకారిణి 2013లో ‘ప్రావెనెన్స్’ అనే చిత్రం తీసింది. అందులో కథ వెనక్కి నడుస్తుంది. ముందు ధనవంతుల ఇళ్ళలో మెరిసే కుర్చీలు, తరువాత వేలం గదులు, మరమ్మతు దుకాణాలు, ఓడ ప్రయాణం, చిట్టచివరకు చండీగఢ్ కార్యాలయాల్లో కాగితాల మధ్య మిగిలిన కుర్చీలు. కుర్చీ అదే. ఒకచోట కళాఖండం, ఒకచోట తుక్కు. ఆ తేడా కర్రలో లేదు. దాని కథ తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య ఉంది.

ఇంకొక సంగతి. ఆ కుర్చీలు పారిస్‌కు జానరే పేరుతో చేరాయి. చేసిన వడ్రంగుల పేర్లు చేరలేదు. మన అరకు కాఫీ కూడా పారిస్ చేరింది. 2017లో అక్కడ దుకాణమే వెలిసింది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే కాఫీ తన ఊరి పేరుతో, గిరిజన రైతులు పండించిందన్న మాటతో వెళ్ళింది. పేరు నిలుపుకున్న వస్తువుకీ పేరు పోగొట్టుకున్న వస్తువుకీ ఉన్న వ్యత్యాసం ఇదే.

ఈ లోయకు కూడా ఒక పేరున్న కుర్చీ ఉంది. 2017 ఏప్రిల్ 16న విశాఖ – అరకు రైలుకు తగిలించిన విస్టాడోమ్ పెట్టెలో కుర్చీలు గుండ్రంగా తిరుగుతాయి. అద్దాల కప్పు కింద కూర్చుని సొరంగాలు, లోయలు చూడవచ్చు. అంతకన్నా ఎంతో పాత ఆసనాలు మన పక్కనే, కోరాపుట్ కొండల గదబల ఊళ్ళలో ఉన్నాయి. ఊరి మధ్య వలయంగా పేర్చిన రాళ్ళు అవి. వాటిని సొదొర్ అంటారు. పెద్దలు కూర్చుని ఊరి సంగతులు తేల్చుకునేది అక్కడే. పోయినవారి జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళూ అక్కడే ఉంటాయి. పూర్వీకుల పక్కన కూర్చుని మాట్లాడటమన్న మాట. ఆ రాళ్ళను ఎవరూ కండెమ్ చేయరు.

మిత్రులారా, నా విన్నపం రెండే మాటలు.

ఒకటి. ఈ ప్రాంతంలోని పాత బడులు, హాస్టళ్ళు, కార్యాలయాలు, తనిఖీ బంగళాలలో ఇంకా పాత టేకు బల్లలు, పేము కుర్చీలు ఉన్నాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కార్యాలయాలు సర్దుకుంటున్న రోజులివి. పాత సామాను వేలానికి పోకముందే మనం ఒక పట్టిక రాద్దాం. ఫొటో, ఎక్కడిది, ఎప్పటిది, చేసిన వడ్రంగి ఎవరు – తెలిసినంతవరకు. రిజిష్టరు రాయడం మనకు చేతనయిన విద్యే గదా. అధికారులకు ఒక ప్రతి ఇద్దాం. అట్టిపెట్టడమో అమ్మడమో తెలిసి చేస్తారు.

రెండు. తెరమీద ఎప్పుడూ జమీందారు కుర్చీలో, రైతు నేలమీద. కొండ దిగి ఆరు మైళ్ళు నడిచి అర్జీ పట్టుకొచ్చిన మనిషికి, పింఛను కోసం వచ్చిన ముసలమ్మకు కూర్చోవడానికి వీలయిన ఆసనం ఉందా అన్నది మనం చూడవలసిన విషయం. సినిమా సోఫాలు అక్కర్లేదు. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, ఆనుకోవడానికి వీపు, పట్టుకుని లేవడానికి చేతులు – ఇవి చాలు. ఇక్కడి వడ్రంగుల చేతనే చేయించి, కాలి దగ్గర వారి పేరు చెక్కించి, చందాలు వేసుకుని ఈ ఏడాది నాలుగు బల్లలయినా ఇద్దాం. ఏ కార్యాలయానికి ముందు అన్నది కార్యవర్గం నిర్ణయించవచ్చు. మొదటి బల్ల ఖర్చులో నా వంతు ఈ రోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.