నల్లని పలుకు

(మురుంగపాక్కములో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నల్లజాతి కవిత్వము మనకు సంబంధము లేని విషయమని తలంపవలదు. ఫ్రెంచివారు 1848లో బానిసత్వమును రద్దు చేసిరి. చెరకుతోటలలో నల్లవారు విడిచిన పనికి మన దేశపు కూలీలను కొనిపోయిరి. ఇచ్చటికి కొద్ది మైళ్ల దూరమున నున్న పుదుచ్చేరి రేవునుండియే 1853లో మొదటి కూలీల ఓడ మార్తినీకు దీవికి బయలుదేరినది. అంతకు ముందే, 1828లో, యానాము తెలుగువారు కొందరు రెయూనియను దీవికి పోయిరి.

ఆ మార్తినీకులోనే 1913లో ఎమే సెజేర్ కవి జన్మించెను. పారిసులో చదువుకొను దినములలో సెనెగాలు దేశీయుడగు లియోపోల్డ్ సెంఘోర్ ఆయనకు మిత్రుడయ్యెను. (ఈ సెంఘోరే 1960లో తన దేశమునకు తొలి అధ్యక్షుడైనాడు.) "నెగ్ర్" అనునది తెల్లవారి నోట తిట్టు. సెజేర్ ఆ తిట్టునుండియే "నెగ్రిత్యూద్" అను మాటను పుట్టించి బిరుదువలె ధరించెను. స్వదేశమునకు మరలి వచ్చుటను గూర్చి 1939లో ఆయన వెలువరించిన దీర్ఘకావ్యము కలకత్తా హిందువును కూడ తనవానిగా లెక్కించును. ఆ కావ్యము ఫ్రెంచిలోనే యున్నది. దొర భాషలో దొరను నిలదీయుట యెట్లని సందేహింతురేమో! మన జాషువాగారు 1941లో ఇట్టి పనియే చేసిరి. కాళిదాసు మేఘమును పంపగా ఆయన గబ్బిలమును పంపెను. గుడి వాకిట నిలువరింపబడిన వాని మొర, గుడిలో వ్రేలాడు గబ్బిలము శివుని చెవిని వేయగలదు గదా! ఛందస్సు తమ సొత్తనుకొన్నవారికి ఆ ఛందస్సులోనే జవాబు వచ్చినది.

సంగీతమును గూర్చి ఒక మాట. అమెరికా కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1926లో తన తొలి సంపుటమునకు నల్లవారి విషాదగానమగు బ్లూస్ పేరే పెట్టెను. సెంఘోర్ కొన్ని కవితలకు పైన, కోరా యనియు బలఫోను అనియు, తోడు వాద్యమును సూచించెడివాడు. అన్నమాచార్యుని రాగిరేకులపై రాగము పేరు చూచిన మనకిది వింత కాదు.

ఇక ప్రేమ. సెంఘోర్ 1945 నాటి తన తొలి సంపుటములో నల్లని స్త్రీని ఆమె మేనిచాయతోనే స్తుతించెను. మన ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయవలన వచ్చినదే. ఈ ప్రాంతమున ఆమెకు గుళ్లు అనేకము. నిప్పులు త్రొక్కి మ్రొక్కులు తీర్చుకొందురు. మనమో, ఆమెకు నమస్కరించి యింటికి వచ్చి, పెండ్లి ప్రకటనలో ఎఱ్ఱని పిల్ల కావలెనని వ్రాయుదుము! చామనచాయ ఆడపిల్ల ముఖమునకు సున్నిపిండి రుద్దుచు నిట్టూర్చు తల్లులు నేటికిని కలరు. అట్టి పిల్లకు ఆ కవితను చదివి వినిపింపుడు. ఎచ్చటి ఆఫ్రికా కవియో తన్నే పొగడినట్లు ఆమెకు తోచును.

ఈ కవులు చాలవరకు ఇంగ్లీషు మీదుగానే తెలుగునకు వచ్చిరి. ఫ్రెంచి చక్కగా చదివిన యానాము పెద్దలు మన నడుమ నుండగా ఇది నాకు కొఱతగా తోచుచున్నది. వారు ఒక్క కవితనైనను సూటిగా తెనిగించి వచ్చు సంచికకు పంపవలెనని కోరుచున్నాను.