ఉలుకూ పలుకూ తగ్గితే



పిలిచిన వెంటనే పలక్కపోతే మనకు ఎక్కడలేని కోపం వస్తుంది. మా శాంతిపురం వైపు అలాంటి మనిషిని "మబ్బుగా ఉండాది" అనేస్తారు. పుట్టుకతోనే నిదానస్తులైన వాళ్ల సంగతి కాదు నేను చెప్పబోయేది. వాళ్లు హాయిగా సంసారాలు చేసుకుంటూనే ఉన్నారు. నిన్నమొన్నటిదాకా చురుగ్గా తిరిగిన మనిషి మందగిస్తే మాత్రం, తిట్టబోయే ముందు ఇది జబ్బేమోనని ఒక్కసారి అనుమానించండి.

పాలవాడి లెక్క నోటితో కట్టే ఇల్లాలు ఇప్పుడు కాగితం మీద రెండుసార్లు కూడినా తేల్చుకోలేదు. అడిగిన మాటకు జవాబు కోసం మనం కాసుకుని ఉండాలి. పోపు పెడుతూ, తరువాత ఏం వెయ్యాలో తోచక నిలబడిపోతుంది. "వయసు మీద పడుతోందిలే" అంటారు ఇంట్లోవాళ్లు, ఆవిడా అదే నమ్ముతుంది. ఇంటిల్లిపాది ఒంట్లో నలతను కనిపెట్టేది ఆవిడే గదా, ఇక ఆవిడ నలతను ఎవరు కనిపెడతారు?

ఇలా నెలల తరబడి మెల్లగా వచ్చే మందకొడితనానికి ఒక ముఖ్య కారణం థైరాయిడ్. మెడ ముందువైపు ఉండే ఈ చిన్న గ్రంథి రసం తగ్గితే గుండె, పేగులు, చర్మం, మెదడు అన్నీ నెమ్మదిస్తాయి. అందరూ ఉక్కపోస్తోందంటే ఆవిడ దుప్పటి కప్పుకుంటుంది. మలబద్ధకం, జుట్టు ఊడడం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో ఎక్కువగా పోవడం కూడా ఉండవచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఇది చాలా ఎక్కువ.

1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రీ అనే డాక్టరు దగ్గరకు నలభైయారేళ్ల ఆవిడ ఒకరు వచ్చారు. మాట నిదానం, నడక నిదానం, దేనిమీదా ఆసక్తి లేదు. ఆయన గొర్రె థైరాయిడ్ రసం తీసి ఆవిడకు సూదిమందుగా ఇచ్చారు. నెలల్లో ఆవిడ మళ్లీ మనుషుల్లో పడ్డారు. ఆ మందుతోనే మరో ఇరవైయెనిమిదేళ్లు బతికి, డెబ్భైనాలుగో ఏట పోయారు. ఇప్పుడు గొర్రెలతో పనిలేదు. టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షతో సంగతి తెలుస్తుంది, రోజుకొక చిన్న మాత్ర చాలు. చిక్కల్లా కాఫీతోనే! మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఒళ్లు తేలిక పడింది కదా అని మనంతట మనం మానెయ్యకూడదు.

థైరాయిడ్ బాగానే ఉందంటే అక్కడితో వదిలెయ్యకండి. బి12 లోపం, రక్తహీనత, మనసుకు పట్టిన దిగులు జబ్బు కూడా మనిషిని ఇలాగే చేస్తాయి.

నెలల్లో కాక, రోజుల్లోనే మందగిస్తే తొందరపడాలి. పెద్దాయన జారిపడి తలకు దెబ్బ తగిలి, అప్పటికి బాగానే ఉండి, కొన్ని వారాలకు మత్తుగా అయిపోతే లోపల రక్తం చేరుతూ ఉండవచ్చు. ఆపరేషన్‌తో లేచి తిరిగినవాళ్లున్నారు. పిల్లవాడు చిన్న జ్వరంతో, తలనొప్పితో ఆటలు మానేసి ముడుచుకు పడుకుంటుంటే, మెదడు పొరలకు సోకే క్షయ ఇలాగే మొదలవుతుంది. క్షయ అంటే మా ప్రాంతంలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమే గుర్తొస్తుంది. మన దేశంలో బి.సి.జి. టీకాలు 1948లో తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. పసివాళ్లను ఆ టీకా ముఖ్యంగా కాపాడేది ఈ మెదడు క్షయ నుంచే.

ఇక గంటల్లో వచ్చే మార్పు. షుగరు మందు వాడేవాళ్లు చెమటలు పట్టి, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబితే, మింగగలిగితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోను చెయ్యండి. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పడిపోయినా అంతే. పడుకుంటే సర్దుకుంటుందని చూడకండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకోండి. ఎప్పటినుంచి ఇలా ఉందో రోజూ చూసే మనిషే పక్కనుండి చెప్పాలి. ఆవిణ్ణే అడిగితే, కాసేపు ఆగి, "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది.